నూనె మార్చక ముందు కారణము వెదకుదాము



మన పల్లెటూళ్ళలో ఆడవారు తల దువ్వుకొన్న తరువాత దువ్వెనకు పట్టిన వెంట్రుకలను వేలికి చుట్టి గోడ సందులోనో చూరులోనో దోపి ఉంచుతారు. స్టీలు సామాన్లవాడు వీధిలోకి వచ్చి కేక వేసినప్పుడు ఆ ముద్దలన్నీ ఇచ్చి చిన్న గిన్నెయో గరిటెయో తీసుకొంటారు. ఆ ముద్ద నెలనెలా కొంత పెరగడము సహజమే. గాని కొన్ని ఇండ్లలో అది వారము తిరిగేసరికే పిడికెడు అవుతుంది. ఆ ఇంటి ఇల్లాలు ఆ సంగతి ఎవరితోనూ చెప్పదు. జడ సన్నబడితే ముడి వేసుకొంటుంది. ముడి చిన్నదైతే సవరము పెట్టుకొంటుంది. ఆరాధనలో తలపై కొంగు ఉంటుంది గనుక ప్రక్కన కూర్చున్న సహోదరికి కూడా తెలియదు. మగవారి సంగతి మరొక విధము. పాతికేండ్ల యువకుడు యౌవనస్థుల కూటములో ఫొటో తీసేటప్పుడు వెనుక వరుసకు జరుగుతాడు. స్నేహితులు నవ్వుతారు, తానూ వారితో కలిసి నవ్వుతాడు.

గృహదర్శనములకు వెళ్ళినప్పుడు అప్పుల సంగతి, పంట సంగతి, పిల్లల చదువు సంగతి ముందే చెప్పే కుటుంబములు ఈ ఒక్క సంగతి మాత్రము మేము గుమ్మము దాటుతుండగా చెబుతారు. "అయ్యగారూ, మా అమ్మాయికి జుట్టంతా ఊడిపోతోంది. ఏదైనా మంచి నూనె తెలిస్తే చెప్పండి" అంటారు. మేము వైద్యులము కాము. అయినను ఈ ప్రశ్న తరచుగా వస్తున్నది గనుక వైద్యశాస్త్రము చెప్పే సంగతులను సులభమైన మాటలలో ఇక్కడ వ్రాస్తున్నాము. జుట్టు రాలడము జ్వరము వంటిది. జ్వరము వచ్చినవానికి అది మలేరియానా, టైఫాయిడ్డా అని చూడకుండా మందు ఇస్తే ఏమి లాభము? జుట్టు విషయములోను అంతే. ముఖ్యముగా శరీరములోని హార్మోనుల మార్పు వలన జుట్టు రాలుతున్నప్పుడు, ఆ మార్పు ఏమిటో తెలిస్తేనే దారి దొరుకుతుంది.

వెంట్రుకకు ఒక కాలము ఉన్నది

మన తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి వెంట్రుకకు చర్మము లోపల ఒక కుదురు ఉన్నది. ఆ కుదురులో వెంట్రుక 2 నుండి 6 సంవత్సరముల వరకు, నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తరువాత రెండు మూడు వారములలో ఎదుగుదల ఆగి, సుమారు 3 నెలలు విశ్రాంతిగా ఉండి రాలిపోతుంది. అదే కుదురులో క్రొత్త వెంట్రుక మొలుస్తుంది. ఏ సమయములో చూచినను నూటికి 85 నుండి 90 వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి. మిగిలినవి విశ్రాంతిలో ఉండి రాలుటకు సిద్ధపడుతుంటాయి. అందుచేత ఆరోగ్యవంతులకు కూడా రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలుతాయి. వారానికి ఒకసారి తలంటుకొనే వారికి ఆ రోజు మరికొన్ని ఎక్కువగా కనబడతాయి. దానికి భయపడనక్కరలేదు.

ఈ లెక్కలో రెండు సంగతులు గమనించవలెను. మొదటిది, శరీరానికి ఈ రోజు తగిలిన దెబ్బ తలపై కనబడుటకు రెండు మూడు నెలలు పడుతుంది. జూన్‌లో పెద్ద జ్వరము వచ్చిన వానికి సెప్టెంబరులో జుట్టు రాలుతుంది. అప్పటికి జ్వరము మాట మరచిపోయి, నిన్న మార్చిన సబ్బును నిందిస్తాడు. రెండవది, ఏ మంచి మందు వాడినను ఫలితము కనబడుటకు 4 నుండి 6 నెలలు పడుతుంది. నెల తిరగక ముందే ఒత్తయిన జుట్టు వస్తుందని చెప్పేవాడు కుదురు సంగతి తెలియనివాడైనా అయి ఉండాలి, తెలిసి అబద్ధమాడేవాడైనా అయి ఉండాలి.

మగవారి బట్టతల

హార్మోనులనగా శరీరములోని గ్రంథులు రక్తములోనికి పంపే రసములు. మగవారికి గడ్డము, మీసము, బొంగురు గొంతు ఇచ్చేది టెస్టోస్టిరోన్ అనే హార్మోను. దీనిలో కొంత భాగమును శరీరము డి.హెచ్.టి. అనే మరింత బలమైన హార్మోనుగా మారుస్తుంది. గడ్డమును పెంచే ఈ డి.హెచ్.టి.యే నుదుటి ప్రక్కలనూ నడినెత్తినీ ఉన్న కుదుళ్ళను చిన్నవి చేస్తుంది. ఒక్కొక్క కాలము గడిచేకొద్దీ వెంట్రుక మరింత సన్నగా, మరింత పొట్టిగా వచ్చి, చివరకు నూగు మాత్రమే మిగులుతుంది. తల వెనుక, చెవుల పైన ఉన్న కుదుళ్ళు దీనికి లొంగవు. అందుకే బట్టతలవానికి కూడా అక్కడ జుట్టు నిలిచి ఉంటుంది.

అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హామిల్టన్ 1942లో ఈ విషయమును స్పష్టముగా చూపించాడు. యౌవనము రాకముందే వృషణములు పోగొట్టుకొన్న పురుషులకు బట్టతల రాలేదు. వారికి టెస్టోస్టిరోన్ ఇచ్చినప్పుడు, వంశములో బట్టతల ఉన్నవారికి జుట్టు రాలడము మొదలైనది. అనగా హార్మోను ఒక్కటే చాలదు, దానికి లొంగే కుదుళ్ళు కూడా వంశము నుండి రావలెను. ఆ గుణము తల్లి వైపు నుండి రావచ్చును, తండ్రి వైపు నుండి రావచ్చును. బట్టతల ఉన్నవారి రక్తములో హార్మోను సాధారణముగా అందరికీ ఉన్నంతే ఉంటుంది. ఇది టోపీ వలన గాని, బోరు నీళ్ళ వలన గాని, ఎక్కువ ఆలోచించుట వలన గాని వచ్చేది కాదు. బోరు నీళ్ళకు జుట్టు గరుకెక్కవచ్చును గాని కుదురు చిన్నది కాదు.

1974లో మరొక సంగతి వెలుగులోనికి వచ్చినది. డొమినికన్ రిపబ్లిక్ దేశములోని ఒక మారుమూల గ్రామములో కొన్ని కుటుంబముల వారికి పుట్టుకతోనే డి.హెచ్.టి. తయారుకాదని డాక్టర్ జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ, ఆమె తోటివారు ప్రకటించారు. ఆ కుటుంబములలోని పురుషులకు బట్టతల లేదు. డి.హెచ్.టి. తయారీని తగ్గిస్తే బట్టతలను నిలుపవచ్చునన్న ఆలోచన అక్కడనుండి బలపడినది. నేడు వాడుకలో ఉన్న ఫినాస్టిరైడ్ మాత్ర ఆ దారిలో వచ్చినదే.

స్త్రీలలో నాలుగు సందర్భములు

స్త్రీలకు నుదురు వెనుకకు పోవడము తక్కువ. పాపిడి వెడల్పు అవుతుంది, నడినెత్తిన చర్మము కనబడుతుంది, జడ సన్నబడుతుంది. హార్మోనుల వలన ఇట్లు జరిగే సందర్భములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది థైరాయిడ్. మెడ ముందు భాగములో ఉండే ఈ గ్రంథి తక్కువగా పనిచేసినను ఎక్కువగా పనిచేసినను జుట్టు తలంతటా రాలుతుంది. తక్కువగా పనిచేసినప్పుడు ఒళ్ళు బరువెక్కడము, చలికి ఓర్వలేకపోవడము, మలబద్ధకము, నెలసరిలో ఎక్కువ రక్తము పోవడము, చర్మము పొడిబారడము కూడా ఉంటాయి. కనుబొమల బయటి కొనలు పలుచబడవచ్చును. హైదరాబాదుతో సహా మన దేశములోని 8 నగరములలో జరిగి 2013లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో సుమారు నూటికి 11 మంది పెద్దలకు ఈ లోపము కనబడినది. ఇది అరుదైన జబ్బు కాదు. టి.ఎస్.హెచ్. అనే ఒక్క రక్తపరీక్షతో చాలావరకు తెలిసిపోతుంది. మాత్ర సరిగా వేసుకొంటే కొన్ని నెలలలో జుట్టు తిరిగి వస్తుంది. ఆ మాత్రను ఉదయము పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, టిఫిను ఏదీ తీసుకొనరాదు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడేవారు వాటిని 4 గంటల తరువాత వేసుకొనవలెను.

రెండవది, అండాశయములలో నీటిబుడగలని మన వారు చెప్పుకొనే పి.సి.ఓ.ఎస్. దీనిలో స్త్రీ శరీరములో పురుష హార్మోను పాలు పెరుగుతుంది. నెలసరి రెండు మూడు నెలలకు ఒకసారి రావడము, గడ్డము మీద, పై పెదవి మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, మెడ వెనుక నల్లని మందపు చర్మము, నడినెత్తిన జుట్టు పలుచబడడము దీని గుర్తులు. అందరికీ అన్నీ ఉండవు. పిల్లలను కనే వయస్సులోని స్త్రీలలో నూటికి 8 నుండి 13 మందికి ఇది ఉన్నదని ఒక అంచనా. వీరిలో ఎక్కువమందికి తమకు ఇది ఉన్నట్లే తెలియదు. దీనిని అశ్రద్ధ చేస్తే ముందు ముందు చక్కెర వ్యాధి రావచ్చును. అందుచేత ఆ ఆడపిల్ల జుట్టు కోసము వైద్యుని దగ్గరకు వెళ్ళడము ఆమె జీవితమంతటికీ మేలు. అధిక బరువు ఉన్నవారు తమ బరువులో నూటికి 5 నుండి 10 వంతులు తగ్గించుకొంటేనే అనేకులకు నెలసరి క్రమములో పడుతుంది.

మూడవది కాన్పు. గర్భవతిగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోను ఎక్కువగా ఉండి, రాలవలసిన వెంట్రుకలను కూడా నిలిపి ఉంచుతుంది. అందుకే ఆ నెలలలో జడ ఒత్తుగా కనబడుతుంది. కాన్పు కాగానే ఆ హార్మోను ఒక్కసారిగా తగ్గుతుంది. బిడ్డ మెడ నిలిపే రోజులకు, అనగా 2 నుండి 4 నెలలకు, నిలిచిన వెంట్రుకలన్నీ ఒక్కుమ్మడిగా రాలుతాయి. బాలింత భయపడుతుంది. పాలు ఇవ్వడము వలన రాలుతున్నదని కొందరు పాలు మాన్పిస్తారు. అది తప్పు. ఏమీ చేయకున్నను 6 నెలల నుండి ఏడాది లోపల దాదాపు అందరికీ జుట్టు మునుపటి స్థితికి వస్తుంది. ఏడాది దాటినను రాకుంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించవలెను.

అయితే కాన్పు సంగతిలో ఒక హెచ్చరిక ఉన్నది. కాన్పులో విపరీతముగా రక్తము పోయిన స్త్రీకి పాలు పడకపోవడము, నెలసరి తిరిగి రాకపోవడము, చంకలలోను మర్మస్థలములోను వెంట్రుకలు రాలిపోవడము, లేవలేనంత నీరసము ఉన్న యెడల, అది మెదడు క్రింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బ తిన్న గుర్తు కావచ్చును. 1937లో దీనిని వర్ణించిన ఆంగ్ల వైద్యుని పేరుమీద షీహాన్ జబ్బు అంటారు. ఇది ప్రాణము మీదికి వచ్చే జబ్బు. గాని గుర్తిస్తే మాత్రలతో ఆమె మామూలుగా బ్రతుకవచ్చును. అనేక సంవత్సరములు "బాలింత నీరసము" అని ఊరకున్న కుటుంబములు ఉన్నవి. మీ బంధువులలో ఇట్టివారు ఉంటే ఆలస్యము చేయకండి.

నాలుగవది, నెలసరి ఆగిపోయే వయస్సు. ఈస్ట్రోజెన్ తగ్గినందున, వంశములో గుణము ఉన్నవారికి పాపిడి మెల్లగా వెడల్పు అవుతుంది. ఇది వయస్సుతో వచ్చే మార్పు. వైద్యముతో నిలుపవచ్చును గాని పదునారేండ్ల నాటి జడను తిరిగి ఆశించరాదు.

హార్మోనులది కాని రాలుడు

అన్నింటినీ హార్మోనులకు అంటగట్టరాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఐరన్ తక్కువైతే జుట్టు రాలవచ్చును. టైఫాయిడ్, డెంగ్యూ, కోవిడ్ వంటి జ్వరముల తరువాతను, ఆపరేషన్ తరువాతను, కడుపు మాడ్చుకొని బరువు తగ్గిన తరువాతను రాలుతుంది. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడిపోతే మనవారు పేనుకొరుకుడు అంటారు. దానిని ఏ పేనూ కొరకలేదు. శరీరపు రక్షణశక్తి తన కుదుళ్ళ మీదనే తిరగబడుట వలన అది వస్తుంది, దానికి వేరే వైద్యము ఉన్నది. పిల్లలకు జడలు బిగించి వేస్తే నుదుటి అంచున జుట్టు పోతుంది. దానికి మందు జడ వదులు చేయడమే.

ఏ పరీక్షలు, ఎవరి దగ్గర?

ఇందుకోసము వేలూరు ప్రయాణము కట్టనక్కరలేదు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోని డాక్టరు దగ్గర మొదలుపెట్టండి. జిల్లా ఆసుపత్రులలో చర్మవైద్యులు ఉంటారు, జుట్టు వారి విభాగములోనిదే. సాధారణముగా హిమోగ్లోబిన్, శరీరములో ఐరన్ నిల్వ తెలిపే ఫెర్రిటిన్, టి.ఎస్.హెచ్. పరీక్షలు వ్రాస్తారు. నెలసరి క్రమము తప్పిన ఆడపిల్లకు పురుష హార్మోను పరీక్ష, చక్కెర పరీక్ష, స్కానింగు అవసరము కావచ్చును. మగవారి మామూలు బట్టతలకు చూపుతోనే తెలుస్తుంది, పరీక్షలు అంతగా అవసరము ఉండవు.

జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వాడేవారు రక్తము ఇచ్చే ముందు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితమును తప్పుగా చూపగలదు. కనీసము రెండు రోజుల ముందుగా దానిని ఆపమంటారు. మరొక మాట. స్త్రీకి కొద్ది నెలలలోనే గొంతు బొంగురు పోయి, ముఖము మీద వెంట్రుకలు వేగముగా పెరిగి, నెత్తి మీద జుట్టు పోతుంటే గ్రంథులలో కణితి ఉండవచ్చును. వెంటనే చూపించవలెను.

పనిచేసే మందులు, వాటి షరతులు

మొదటిది మినాక్సిడిల్. ఇది రక్తపు పోటుకు మాత్రగా వచ్చినది. అమెరికాలో 1979లో అనుమతి పొందినది. వాడినవారికి ఒళ్ళంతా వెంట్రుకలు పెరగడము చూచి, తలకు రాసే ద్రవముగా తయారుచేశారు. 1988లో పురుషులకు, 1991లో స్త్రీలకు అక్కడ అనుమతి వచ్చినది. మామూలుగా పూటకు 1 మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండు పూటలు పొడి తలపై, జుట్టుకు కాక చర్మానికి తగిలేటట్లు రాయవలెను. 60 మిల్లీలీటర్ల సీసా నెల రోజులకు సరిపోతుంది. ఎంత బలమున్న మందు, ఎన్ని పూటలు అన్నది డాక్టరు చెబుతారు. మొదలుపెట్టిన రెండు మూడు వారములకు కొందరికి జుట్టు మరింత రాలుతుంది. పాత వెంట్రుకలను క్రొత్తవి తోసివేయుట వలన అట్లు జరుగుతుంది. ఆ సమయములో భయపడి మానివేసేవారు అనేకులు. ఓపిక పట్టండి.

దీని షరతు ఏమనగా, మానివేసిన 3, 4 నెలలలో వచ్చిన జుట్టు మరల పోతుంది. గనుక ప్రతి నెలా ఆ సీసా కొనగలమా అని ముందే లెక్క చూచుకొనవలెను. ఒకే మందు వేరు వేరు పేర్లతో వేరు వేరు ధరలకు దొరుకుతుంది. తక్కువ ధరది ఏదో డాక్టరును అడుగుటకు సిగ్గుపడవద్దు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు దీనిని వాడరాదు. రాసిన తరువాత చేతులు కడుగుకొనవలెను. ఇంటిలో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త. తలగడకు అంటిన కొద్దిపాటి మందును నాకినను పిల్లి చనిపోవచ్చును. ఈ మధ్య కొందరు వైద్యులు దీనినే చాలా చిన్న మోతాదులో మాత్రగా ఇస్తున్నారు. అది గుండె, రక్తపు పోటు చూచి డాక్టరు ఇవ్వవలసినది, పక్కింటివారి చీటీ చూపించి కొనవలసినది కాదు.

రెండవది, పైన చెప్పిన ఫినాస్టిరైడ్. అమెరికాలో 1997లో మగవారి బట్టతలకు రోజుకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి పొందినది. ఎక్కువమందిలో రాలుడును నిలుపుతుంది, కొందరిలో కొంత జుట్టు తిరిగి తెస్తుంది. కొద్దిమందికి దాంపత్య సంబంధమైన ఇబ్బందులు వస్తాయి. మనస్సు కృంగిపోవచ్చును. ఆత్మహత్య తలంపులు కూడా దీని దుష్ఫలితములలో ఉన్నవని ఐరోపా మందుల సంస్థ 2025లో నిర్ధారించినది. అట్టి మార్పు కనబడితే మాత్ర ఆపి వెంటనే డాక్టరును చూడవలెను. ఈ సంగతి భార్యకో తల్లికో కూడా తెలిసి ఉండడము మంచిది. గర్భములోని మగబిడ్డకు ఇది హాని చేయగలదు గనుక గర్భవతులు విరిగిన మాత్రను చేత్తో కూడా తాకరాదు. మాత్ర వాడేవారు రక్తదానము చేసే ముందును, ప్రోస్టేటు పరీక్షకు ముందును ఆ మాట చెప్పవలెను.

మూడవది స్త్రీలకు ఇచ్చే స్పైరనోలాక్టోన్. ఇది పురుష హార్మోను పనిని అడ్డుకొంటుంది. పి.సి.ఓ.ఎస్. ఉన్నవారికి కొన్నిసార్లు గర్భనిరోధక మాత్రలతో కలిపి ఇస్తారు. గర్భిణికి పనికిరాదు. రక్తములో పొటాషియం పరీక్ష అవసరము కావచ్చును. పెండ్లికాని అమ్మాయికి గర్భనిరోధక మాత్ర వ్రాసినప్పుడు తల్లిదండ్రులు ఆందోళన పడడము మేము చూచాము. ఆ మాత్ర అక్కడ హార్మోనులను సరిచేసే మందు మాత్రమే. దాని పేరు చూచి ఆ పిల్లను అనుమానించడము అన్యాయము.

జుట్టు నాటే ఆపరేషన్ సంగతి కూడా అడుగుతుంటారు. తల వెనుకనున్న లొంగని కుదుళ్ళను తీసి ముందుకు నాటుతారు. అవి నాటిన చోట కూడా లొంగకుండా నిలుస్తాయని అమెరికా వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రకటించాడు. ఖర్చు ఎక్కువ. నాటనిచోట రాలుడు ఆగదు గనుక మందులు కొనసాగించవలసి ఉంటుంది. ఇది ఆపరేషన్ గనుక తగిన శిక్షణ పొందిన వైద్యులే చేయవలెనని, వీడియోలు చూచి నేర్చుకొన్నది చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకములు ఇచ్చినది. క్షౌరశాల మేడమీద తక్కువ ధరకు చేస్తామన్న బోర్డులు చూచి వెళ్ళవద్దు.

సీసాల లెక్క

ఒక ఇంటిలో గూటిలో ఏడు నూనె సీసాలు వరుసగా చూచాము. ఏ ఒక్కటీ సగము కూడా తగ్గలేదు. ఒకటి సంతలో కొన్నది, ఒకటి టీవీలో చూచి తెప్పించినది, ఒకటి బంధువులు పట్నము నుండి పంపినది. ఆ తల్లికి ఒళ్ళు బరువెక్కి, ఎండాకాలములో కూడా దుప్పటి కప్పుకొంటున్నది. థైరాయిడ్ పరీక్ష మాత్రము ఎన్నడూ జరుగలేదు. ఆ సీసాలకైన ఖర్చుతో ఆ పరీక్ష ఒకటికి రెండుసార్లు చేయించవచ్చును.

నూనె చెడ్డదని మేము చెప్పము. కొబ్బరినూనె వెంట్రుకకు నునుపునిస్తుంది, చిట్లిపోకుండా కొంత కాపాడుతుంది. మందారాకు, గుంటగలగరాకు, మెంతులు, కుంకుడుకాయ మన అమ్మమ్మల నాటివి. తలకు హాయిగా ఉంటే వాడుకోండి. గాని ఏ నూనెయు థైరాయిడ్‌ను సరిచేయదు, అండాశయమును సరిచేయదు. గుండు గీయిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట కూడా నిజము కాదు. కత్తి చర్మము పైననే ఆగుతుంది, కుదురును చేరదు. క్రొత్తగా వచ్చే మొదలు మొద్దుగా ఉండుట వలన ఒత్తుగా తోస్తుంది. బట్టతలను బాగుచేస్తామని, క్రొత్త జుట్టు మొలిపిస్తామని మందులు అమ్మేవారు చెప్పుకొనరాదని మన దేశపు ఔషధ నిబంధనలలోని జె షెడ్యూలు చెబుతున్నది. అట్టి మాట అట్ట మీద వ్రాసి అమ్మేవాడు చట్టమును మీరుతున్నాడు. అట్టివానిని మన పిల్లల తలల విషయములో ఎట్లు నమ్మగలము?

ఇంటివారి మాట

ఈ వైద్యమంతా ఓపికతో కూడినది. ఓపికకు ఇంటివారి సహకారము కావలెను. పెండ్లిచూపులకు వచ్చి అమ్మాయి జడను చేత్తో పట్టి చూచే ఆచారము ఇంకా కొన్నిచోట్ల ఉన్నది. సంతలో పశువును చూచినట్లు చూడడము మన ఇండ్లలో జరుగరాదు. పి.సి.ఓ.ఎస్. ఉన్నదని తెలిసిన అమ్మాయికి పిల్లలు పుట్టరని పుకారు పుట్టిస్తారు. సరియైన వైద్యముతో వీరిలో ఎక్కువమంది తల్లులవుతున్నారు. సంబంధము మాట్లాడేటప్పుడు ఇరువైపుల పెద్దలు ఈ మాట దాచకుండా, పెద్దది చేయకుండా చెప్పుకొంటే తరువాత కన్నీళ్ళు ఉండవు. సవరము పెట్టుకొన్నా, విగ్గు పెట్టుకొన్నా, ఏదీ పెట్టుకొనకున్నా అది ఆమె ఇష్టము. యౌవనస్థుల కూటములలో బట్టతల మీద హాస్యములు తగ్గించుదాము. నవ్వుతున్నవాడికి నొప్పి లేదని అనుకొనరాదు.

సంఘములో కొందరు ప్రార్థన చేయించుకొన్నాము గనుక థైరాయిడ్ మాత్ర మానివేశామని చెబుతారు. వారికి మేము ఒకటే చెబుతాము. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేసుకోండి. మాత్ర ఆపవలెనా, తగ్గించవలెనా అన్నది పరీక్ష చూచి డాక్టరు చెప్పవలెను. ఊరకే మానివేస్తే కొద్ది నెలలకే జబ్బు తిరిగి వస్తుంది, జుట్టూ రాలుతుంది, నిరాశ కూడా కలుగుతుంది.

ఈ వారమే చేయదగిన పని ఒకటి ఉన్నది. ఒక కాగితము మీద నాలుగు సంగతులు వ్రాయండి. జుట్టు రాలడము ఎప్పుడు మొదలైనది, అంతకు మూడు నెలల ముందు జ్వరము గాని, కాన్పు గాని, ఆపరేషన్ గాని జరిగినదా, నెలసరి క్రమముగా ఉన్నదా, ఇప్పుడు ఏ ఏ మందులు వాడుతున్నారు. ఆ కాగితము పట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. వెలుతురులో పాపిడి ఫొటో ఒకటి తీసి ఉంచుకొని, ఆరు నెలల తరువాత మరొకటి తీసి పోల్చి చూడండి. రోజూ అద్దములో చూచుకొంటే ఏ మార్పూ తెలియదు.

సహోదరులారా, మీ భార్య గాని మీ కుమార్తె గాని దువ్వెన పట్టుకొని మౌనముగా కూర్చున్నట్లు కనబడితే, మరొక సీసా కొనితెచ్చి చేతిలో పెట్టకండి. ఒక పూట పని మానుకొని ఆమెతో కూడ ఆసుపత్రికి వెళ్ళండి.